ఒక్క బూ కోసం

ఆల్స్‌ఫెల్డె నగర నాటకశాలవారు ఈ ఏడాది ఒక సరికొత్త ఒపేరాను ప్రపంచంలోనే ప్రప్రథమంగా ప్రదర్శించబోతున్నట్టు సగర్వంగా ప్రకటించారు. గోడపత్రిక మీద దర్శకుడు యోస్ట్ హాగెడోర్న్ పేరు గుమ్మమంత ఉంది. సంగీతకర్త ఆన్‌సెల్మ్ పిర్క్ పేరు కిటికీ అంత ఉంది. ఆ తర్వాత రంగాలంకరణ, వెలుగులు, దుస్తులు, జుట్టు, పొగ. పొగ బాధ్యుడి పేరుకు కింద, అచ్చువేసినవాళ్ల చిరునామాకు పైన ‘మాటలు: ఫ్రౌకె ల్యూడర్సన్’ అని ఉంది. కళ్లజోడు ఉన్నవాళ్లకు కనిపిస్తుంది. ఇందులో అన్యాయమేమీ లేదు. మాటలు లేకపోతే గాయకులు ఊరికే నోళ్లు తెరుచుకుని నిలబడాలి, అది చూడటానికి బాగుండదు కాబట్టి ఎవరో ఒకరిచేత మాటలు రాయించడం ఈ కళలో మొదటినుంచీ ఉన్న ఆచారమే.

ఫ్రౌకె కవయిత్రి. గొప్ప కవయిత్రి అని, ఆమె కవితలు చదవనివాళ్లందరూ ఒప్పుకుంటారు. మా దేశంలో కవుల్ని ఆకలికి వదిలేయరు. చనిపోయిన కవుల పేరు మీద బతికున్న కవులకు బహుమతులిస్తారు. ఒక పట్టణంవారైతే ఆమెను ఏడాదిపాటు ‘నగర రచయిత్రి’గా నియమించి, పాత కోట బురుజులో కాపురం పెట్టించారు. బురుజులో గబ్బిలాలుండేవి. ఆతిథ్యానికి బదులుగా ఆమె ఆ పట్టణం మీద ఒక కవిత రాయాలి గనక గబ్బిలాల మీద రాసింది. పురపాలకసంఘం దాన్ని రాతిపలక మీద చెక్కించి సైకిళ్లు నిలిపేచోట పాతింది. ఇప్పుడు జనం సైకిళ్లు దానికే ఆనిస్తున్నారు. కవిత్వం ప్రజాజీవితంలో భాగం కావడమంటే ఇదేనని అక్కడి మేయరుగారు తమ ప్రసంగంలో సెలవిచ్చారు. ఫ్రౌకె పూలగుత్తి అందుకుని నవ్వింది.

ఒపేరాలోకి ఆమెను తెచ్చినవాడు పిర్క్. ఆమె కవితల్లో ఖాళీలు ఎక్కువని, ఆ ఖాళీల్లో సంగీతం బాగా పడుతుందని ఆయన కనిపెట్టాడు. ఆ తర్వాత మాటలు ఉన్నచోట కూడా ఖాళీలు కావాలన్నాడు. “ఇక్కడ ‘దుఃఖం’ అని రాశారు. అక్కడ నాకు తారస్థాయి స్వరం ఉంది. గాయనికి నోరు తెరుచుకోవడం లేదు. నోరు బాగా తెరుచుకునే మాట ఏదైనా ఇవ్వండి, అర్థం మీ ఇష్టం,” అనేవాడు. ఆమె రాత్రంతా ఆలోచించి ఇచ్చింది. ఆ మొదటి ఒపేరాలో విధవరాలు భర్త శవం ముందు మోకరిల్లి, తారస్థాయిలో ‘సలాడ్’ అని పాడుతుంది. మొదటి ప్రదర్శనలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఆమె సుఖంగానే బతికేది. కానీ ఒపేరా అయిపోయాక అందరూ తెరముందుకు వచ్చి వంగి నమస్కరించే ఘట్టం ఒకటుంటుంది. ఎవరి విలువ ఎంతో తేలేది అక్కడే, అదీ చప్పట్లతో కాదు. చప్పట్లు అందరికీ కొడతాం. మంటలార్పే ఉద్యోగి దారి తప్పి తెరముందుకొచ్చినా కొడతాం. విలువ కట్టేది బూ, అంటే నచ్చలేదని ప్రేక్షకులు పెట్టే కేక. మొదటి ప్రదర్శన నాడు సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులు లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, గుండెల నిండా ‘బూ’ అని అరిస్తే ఆ కళాకారుడి జన్మ తరించినట్టే. మర్నాడు పత్రికల్లో సగం పేజీ అతనిదే.

యోస్ట్ హాగెడోర్న్ అలా పైకొచ్చినవాడే. ఒక పెళ్లికథను పశువుల కబేళాలో నడిపించి మొదటి బూ సంపాదించాడు. ఆ ఊళ్లో ఆయన్ని తిట్టని ఇల్లు లేదు, అందుకని పెద్ద ఊళ్లనుంచి పిలుపులొచ్చాయి. ఒక ఏడు ఏం పొరపాటు జరిగిందో గాని జనం ఆయనకు చప్పట్లు కొట్టారు. ఆ ఏడంతా ఆయన మానసిక వైద్యుడి దగ్గరికి తిరిగాడు.

ఫ్రౌకెకు ఎన్నడూ బూ పడలేదు. ఆమె వరుసలో చివర వస్తుంది. ఆమె వచ్చే వేళకు ప్రేక్షకులు గుమ్మం దగ్గర అప్పగించిన కోటు తిరిగి తీసుకునే బిళ్ల ఏ జేబులో పెట్టామా అని తడుముకుంటూ ఉంటారు. ఖాళీగా ఉన్న చేతులు కాస్త చప్పట్లు కొడతాయి. పరామర్శకు వెళ్లినప్పుడు భుజం తడతారే, ఆ చప్పుడు. ఆమె దానికి వంగి నమస్కరించి, ఇంటికెళ్లి, బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చునేది. తిట్టడానికైనా ముందు వినాలి గదా, నా మాట విన్నవాడు ఈ ఊళ్లో ఒక్కడూ లేడా అని ఆమె బాధ. ఆ బాధ నిజమైనది, నవ్వదగ్గది కాదు. అయినా నాటకశాల సిబ్బంది నవ్వేవారు.

కొత్త ఒపేరా ఒప్పందం మీద సంతకాలయ్యాక, నాటకశాల అధిపతి డాక్టర్ బుర్‌ఖార్ట్ వెస్లింగ్ ఆమెను తన గదికి పిలిపించి కాఫీ ఇప్పించాడు.

“ల్యూడర్సన్ గారూ, మీ మాటల మీద ఇంతవరకూ మాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ,” అన్నాడు.

“సంతోషం,” అంది ఫ్రౌకె.

“సంతోషం కాదండీ, అదే మా బాధ. వచ్చే ఏడు ఒపేరాకి అసలు మాటలు రాయించడం అవసరమా అని సలహాసంఘం అడుగుతోంది. బట్టలుతికే యంత్రంతో పాటు ఒక చిన్న పుస్తకం ఇస్తారు చూడండి, ఎలా వాడాలో చెప్పేది, దాన్నే పాడించేద్దామంటున్నాడు యోస్ట్. ఆ మాట వినగానే సంఘంలో ఇద్దరు కుర్చీలు వెనక్కి తోసి వెళ్లిపోయారు. అంటే ఆ పుస్తకంలో ప్రాణం ఉందన్నమాట.”

“నా మాటల్లో లేదా?”

“నేనలా అనగలనా. నేను వాటిని గౌరవిస్తాను. గౌరవించేవాళ్లు ఎక్కువైపోయారండీ మీకు. ఈసారి ఒక్క బూ పడేట్టు చూడండి. ఒక్కటి చాలు. అది పడితే వచ్చే ఏడు కూడా మీరే, పడకపోతే యంత్రం.” ఈ మాట ఆయన ఎంతో ఆప్యాయంగా చెప్పి, ఇంకొంచెం పాలు పోసుకోమన్నాడు.

ఫ్రౌకెకు ఒళ్లు మండింది. ఆ మంటలో కూర్చుని ఊరును కడిగిపారేసింది. పక్కింటివాడి కంచెమొక్కలు తమ వైపు వేలెడు పెరిగాయని కోర్టుకెళ్లే పెద్దమనుషులు, పని చేయకూడని ఆదివారంనాడు ఎవరు కారు కడుగుతున్నారా అని పరదా సందులోంచి చూసే ఇల్లాళ్లు, గొంతు లేకపోయినా పదవి ఉంది గనక చర్చి బృందంలో ముందు వరుసలో పాడే మేయరు, ఎవర్నీ వదల్లేదు. చదివి వినిపిస్తే పురపాలకసంఘంవారు పగలబడి నవ్వారు. “అచ్చం పక్క ఊరే, అచ్చు గుద్దినట్టు రాశారు,” అని మేయరుగారు ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ ఊరికి బాగా బుద్ధొస్తుందని, ఒపేరాకు ఇచ్చే సాయం పెంచుతామని కూడా అన్నారు. ఫ్రౌకె ఇంటికొచ్చి ఆ కాగితాలన్నీ చింపేసింది.

ఊరిని తిడితే ఊరికి తగలదని ఆమెకు అర్థమైంది. నిజంగా జరిగినదేదో కావాలి. ఆమె దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది, అది వాళ్ల నాన్నది.

నాన్న ఈ ఊరి మాంసం కొట్టాయన. ‘ల్యూడర్సన్ వారి అడవిపంది సాసేజి’ అంటే చుట్టుపక్కల పేరు. మేయర్లు మంత్రులకు కానుకగా పంపేవాళ్లు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఆయన పెద్దకూతురు గెజీనను తలుపు వేసి రమ్మని, ఇద్దరు కూతుళ్లనీ దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. వాళ్లను ఆయన చిన్నప్పటినుంచీ ‘నా పందిపిల్లల్లారా’ అని పిలిచేవాడు. అలాగే పిలిచి, ఆ సాసేజిలో అడవిపంది ఏనాడూ లేదని చెప్పాడు. అడవే లేదు, పంది ఎక్కడిది. పక్క పల్లెలోని మామూలు పందులే, మిగతాదంతా పొగ మహిమ. చెప్పి ఏడ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. గెజీన ఆ కొట్టు తీసుకుని, ఆ పొగ అలాగే వేస్తూ, ఆ మాట అలాగే దాస్తూ వస్తోంది.

ఫ్రౌకె దాన్ని రాసింది. చనిపోతున్న మాంసం కొట్టాయన కూతుళ్లకు చెప్పుకునే పాట. నాన్న ఎక్కడ ఆగాడో అక్కడే ఆపింది, నాన్న మాటల్లో ఒక్కటీ మార్చలేదు. ఆమె జన్మలో రాసినవాటన్నిటిలోకీ అదే గొప్పది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే తీసెయ్యలేకపోయింది.

పిర్క్ ఆ పాట దగ్గర రంపాన్ని, కమ్మరి దాకలిని, పన్నెండు బాకాల్ని ఒకేసారి మోగించాడు. యోస్ట్ ఆ సన్నివేశాన్ని ఈతకొలను పక్కన బట్టలు మార్చుకునే గదిలో పెట్టి, చనిపోయే తండ్రికి ఈత చెడ్డీ తొడిగాడు. మాటలు చదివారా అని ఫ్రౌకె అడిగితే, “చదివితే నా దృష్టి పాడవుతుందండీ,” అన్నాడు. పాడేది ఎవరికీ అర్థం కాదు గనక రంగస్థలం పైన ఒక పట్టీ మీద ఆ మాటలు వెలుగు అక్షరాల్లో చూపించడం మా నాటకశాలల్లో రివాజు. మెడనొప్పి వస్తోందని పాత ప్రేక్షకులు చెప్పడంతో డాక్టర్ వెస్లింగ్ ఆ పట్టీని బాగా కుదించమన్నాడు. నాన్న పాట మొత్తానికి పట్టీ మీద పడేది ఒకే వాక్యం. ‘నేను తప్పు చేశాను.’

అంటే ఈసారి కూడా ఎవరికీ ఏమీ వినపడదు. ప్రదర్శన ముందురోజు ఫ్రౌకె తిన్నగా అక్క కొట్టుకు వెళ్లింది. గెజీన మొదటి ప్రదర్శనలకు శాశ్వత టికెట్టున్న మనిషి, ఒక్కటీ తప్పదు.

“అక్కా, నాకొక సాయం చేసిపెట్టవే. రేపు చివర్లో నేను తెరముందుకొస్తాను చూడు, అప్పుడు గట్టిగా బూ అను.”

గెజీన కత్తి ఆపలేదు. “నీకేమన్నా పిచ్చా? తోడబుట్టినదాన్ని పట్టుకుని బూ అంటానా. పక్క సీట్లో మందులషాపావిడ కూర్చుంటుంది. ఎల్లుండి జలుబు చేస్తే ఏ మొహం పెట్టుకుని వెళ్లను?”

“నోటికాడ కూడు పోయేట్టుంది అక్కా. నా బదులు ఉతికే యంత్రాన్ని పెట్టుకుంటారట.”

“పాడిస్తారా దాన్ని?”

“దాని పుస్తకాన్ని.”

“మంచిదేగా, నాకు మా యంత్రం సంగతి ఇప్పటికీ అర్థమై చావలేదు.” గెజీన తనే నవ్వి, మళ్లీ మెత్తబడింది. “చూడవే, కావాలంటే ఆ యోస్టుగాడికి అంటాను. పోయినసారి దేవదూతలందర్నీ లిఫ్టులో ఇరికించాడు. వాడికి అనాలని నాకెప్పట్నుంచో నోరు దురదగా ఉంది. అయినా అనను. నాన్న ఏమనేవాడు? మన కొట్లోకొచ్చి మన సరుకుని నలుగురిలో తిడితే మనకెలా ఉంటుందే, వాళ్లకీ అలాగే ఉంటుంది అనేవాడు. అందుకని అన్నిటికీ చప్పట్లు కొడతాను. నీకైతే ఇంకాస్త గట్టిగా కొడతాను. నాకు అర్థం కాదు గాని నువ్వు బాగా రాస్తావు.”

చెప్పాల్సినదేదైనా ఉంటే అప్పుడే చెప్పాలి. ఫ్రౌకె నోరు తెరిచింది కూడా. గెజీన ఆ నోటికి ఒక సాసేజి ముక్క అందించి, ఇంకో రెండు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఫ్రౌకె వాటిని దారిలోనే తినేసింది.

మొదటి ప్రదర్శన దిగ్విజయంగా జరిగింది. విరామంలో నురగల వైన్ తాగుతూ, ఈత చెడ్డీ మన నాగరికత నగ్నత్వానికి ప్రతీక అని పన్నుల అధికారులు ఒకరికొకరు చెప్పుకున్నారు. రెండో అంకంలో రంపం, దాకలి, బాకాలు మోగాయి. ఆ మోతలో లావాటి గాయకుడు ఏం పాడుతున్నాడో ఆయన పక్కన నిలబడ్డవాళ్లకు కూడా తెలియదు. పట్టీ మీద ‘నేను తప్పు చేశాను’ అని పడింది. ప్రతివాళ్లూ తమ పక్క సీటువాళ్ల తప్పుల్ని తలుచుకుని కదిలిపోయారు.

చివరి ఘట్టం వచ్చింది. గాయకులకు చప్పట్లు. పిర్క్‌కు చప్పట్లూ బూలూ కలిపి. తర్వాత యోస్ట్ అడుగుపెట్టగానే మేడ మీదినుంచి నేల దాకా బూ, బూ, బూ. ఆయన చేతులు బారచాపి, కళ్లు మూసుకుని, తొలకరిలో తడుస్తున్న రైతులా నిలబడ్డాడు. ఆ తర్వాత పక్క తెరలోంచి ఫ్రౌకె వచ్చింది. పరామర్శ చప్పట్లు మొదలయ్యాయి. జనం జేబులు తడుముకుంటున్నారు.

అప్పుడు మధ్య వరుసలోంచి ఒక్క ‘బూ’ వినపడింది. ఒపేరా తెలిసినవాళ్లు సాధన చేసి అనే బూ కాదది. గొంతు మధ్యలో విరిగి, మళ్లీ అతుక్కుని, చివరికంటా వచ్చింది. గెజీన లేచి నిలబడి ఉంది. ఆమె చేతులు నోటి దగ్గర లేవు, పక్కన పిడికిళ్లు బిగించి ఉన్నాయి.

ఆ తర్వాత జరిగినది మా ఊరి సంస్కృతీ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఎవరో మాటలకు బూ కొట్టారంటే మాటల్లో ఏదో ఉందన్నమాట. ఉన్నది మనకు తెలియలేదని పక్కవాడికి తెలియకూడదు. ముందుగా మందులషాపావిడ లేచి బూ అంది. పన్నుల అధికారులు అందుకున్నారు. మేడ మీది విద్యార్థులు, పెద్దవాళ్లు తిడుతున్నారు గనక ఇది మన పక్షమేనని ‘భేష్’ అని అరిచారు. దాంతో కింద బూ రెట్టింపైంది. మేయరుగారు ఎటూ తేల్చుకోలేక రెండూ చేశారు. డాక్టర్ వెస్లింగ్ తన ప్రత్యేక స్థానంలో గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఫ్రౌకె వంగింది, లేచింది, మళ్లీ వంగింది. తన కోసం సిగ్గు విడిచి అరిచిన అక్కను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకుంది.

కోట్లు ఇచ్చే బల్ల దగ్గర అక్క కనిపించింది. ఫ్రౌకె జనాన్ని తోసుకుంటూ వెళ్లి కావలించుకోబోయింది.

“అననంటే నిజమే అనుకున్నాను చూడు. ఎంత బాగా అన్నావక్కా, అచ్చం కడుపులోంచి వచ్చినట్టు.”

గెజీన కోటు గుండీలు పెట్టుకుంటోంది. “నీ కోసం అనలేదు,” అంది.

“మరి?”

“పందిపిల్లల్లారా అన్నాడు. చెవిన పడగానే ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాత ప్రతి ముక్కా తెలుస్తూనే ఉంది నాకు. తలుపేసి రమ్మన్నాడు నాన్న నన్ను. ఆ తలుపు వేసింది నేను. ఊరందరి ముందూ చెడ్డీ మీద నిలబెట్టి చెప్పించావు దాన్ని.”

“ఎవరికీ తెలియలేదక్కా. నాన్న మీద ఒట్టు. ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థం కాలేదు.”

“నాకు అర్థమైంది.”

“అంత మోతలోనా? ప్రతి మాటా?” అని అడిగింది ఫ్రౌకె.

అడక్కుండా ఉండాల్సింది. క్షమించమని అడగాల్సిన చోట ఆ ప్రశ్న వచ్చింది, అదీ ముఖమంతా వెలిగిపోతూ వచ్చింది. గెజీన ఆ వెలుగును చూసింది. చివరి గుండీ పెట్టుకుని, మెట్లు దిగి, ట్రాము ఎక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేసింది. కొట్టుకు వెళితే, “ఏం కావాలండీ?” అని అందర్నీ అడిగినట్టే అడిగింది. ఫ్రౌకె ఆ రోజు వీధి చివరి బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

పత్రికలవారు ఆమె ధైర్యాన్ని వేనోళ్ల పొగిడారు. ‘ఈ ఊరి గాయం మీద వేలు పెట్టిన రచన’ అన్నాడొక విమర్శకుడు. గాయం ఎక్కడుందో ఆయనకు తెలియదు గనక రాయలేదు. ఊరివాళ్లు మాత్రం ఆ గాయం గురించి గెజీన కొట్టు ముందు వరుసకట్టి నిలబడి తీవ్రంగా చర్చించుకుంటూ అడవిపంది సాసేజి కొనుక్కుంటున్నారు. యోస్ట్ తన బూలో సగం ఒక రచయిత్రి కొట్టేసిందని అలిగి, మళ్లీ వైద్యుడి దగ్గరికి వెళుతున్నాడు.

డాక్టర్ వెస్లింగ్ ఫ్రౌకెను మళ్లీ గదికి పిలిపించాడు. ఈసారి కాఫీతో పాటు కేకు కూడా ఉంది. వచ్చే ఏడు ఒపేరాకు మాటలు ఆమెవేనని, గోడపత్రిక మీద ఆమె పేరు పొగకు పైన వేయిస్తామని శుభవార్త చెప్పాడు.

“అది సరేగాని, ఆ మొదటి బూ అన్నావిడ ఎవరండీ? ఎన్నో ఊళ్లలో ఎన్నో బూలు విన్నాను గాని అలాంటిది వినలేదు.”

“మా అక్క.”

“ఓహో, సొంతవాళ్లా.” ఆయన ఆమె పళ్లెంలో ఇంకో కేకు ముక్క పెట్టాడు. “మేమేమో ఇన్నాళ్లూ ఊరందర్నీ కదిలించాలని చూశాం. ఒక్క మనిషిని సరిగ్గా చూసి కొడితే చాలన్నమాట. మీకింకా ఎవరున్నారు?”

ఫ్రౌకె ఆ కేకును చెంచాతో చిన్న చిన్న ముక్కలు చేసింది. “అమ్మ ఉంది,” అంది చివరికి.

“చెవులు వినపడతాయా?”

“బాగా వినపడతాయి.”

“అయితే ముందు వరుసలో నడిమి సీటు ఆవిడ పేరు మీద ఉంచేస్తాను,” అన్నాడాయన.

ఆ ఆదివారం ఫ్రౌకె ప్లమ్ పళ్ల కేకు పట్టుకుని వాళ్లమ్మ ఇర్మెల ఇంటికి వెళ్లింది. కాఫీ తాగి, కప్పు పక్కనపెట్టి, “అమ్మా, నాన్నని చేసుకోకముందు సంగతులు చెప్పవే,” అని అడిగింది.

“ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు నువ్వు,” అంది ఇర్మెల.

“ఇప్పుడు అడుగుతున్నాను కదా.”

“చెప్పుకోదగ్గవి కాదులేవే అన్నీ.”

“ఫరవాలేదమ్మా, నాకేగా చెప్పేది.”

ఇర్మెల రేడియో కట్టేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, మీ అక్కకి కూడా తెలియదంటూ మొదలుపెట్టింది. ఫ్రౌకె మోచేతులు బల్ల మీద ఆనించి, ఒక్క మాట కూడా జారిపోకుండా వింటోంది. తన మాట ఇంత శ్రద్ధగా వినేవాళ్లు దొరికి ఎన్నాళ్లయిందోనని ఆ తల్లికి కళ్లు చెమర్చాయి.

ఆ ఒపేరాకు టికెట్లు అమ్మకానికి పెట్టారు, నడిమి సీటులో కూర్చునేదెవరో అప్పటికే ఊరంతా పొక్కింది. నాటకశాల ముందు బారులు తీరి ఉన్నారు. రంగస్థలం కనిపించకపోయినా ఫరవాలేదు, ముందు వరుసలో నడిమి సీటు కనిపించే చోటు ఇప్పించమని అందరూ అడుగుతున్నారు. అలాంటివి ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఇంతదాకా చదివారు గనక అడుగుతున్నాను, మీకూ ఒకటి తీసి ఉంచమంటారా?